టెంటు ఖర్చు ఎందుకు పెరిగిందంటే

కోరుట్ల,
మార్చి 10

బిడ్డా తేజూ,

నువ్వూ నాకు కాబోయే అల్లుడు రవీందరూ చల్లగా ఉండాలని పొద్దుటి ప్రార్థనలో అడిగి, ఈ కాగితం ముందు కూర్చున్నాను.

ఆదివారం నువ్వు ఫోన్ చేసి, "టెంటుకు పద్దెనిమిది వేలు ఎందుకు ఎక్కువైనయమ్మా? జగిత్యాల టెంట్‌హౌస్ ఖాయం చేసినం గద?" అని అడిగావు. కూర మాడుతున్నదని చెప్పి పెట్టేశాను. పొయ్యి మీద ఏ కూరా లేదు. నీ గొంతు వింటూ చెప్పలేని మాట అది. అందుకే రాస్తున్నాను.

నీ పెళ్ళి చర్చిలోనే, భోజనాలు చర్చి ఆవరణలోనే అనుకున్నాం కదా. ఫంక్షన్ హాలు మన వల్ల కాదని ఇద్దరం ఒప్పుకున్నాం. నా చిట్టీ డబ్బులు, నువ్వు నర్సు జీతంలోంచి దాచినవి కలిపి బగారా అన్నం, మటన్, కేకు, కార్డులు, క్వయర్ పిల్లలకు బట్టలు అనుకున్నాం. మిగిలింది టెంటు. మన పాస్టరు గారే జగిత్యాలలో కరుణాకర్ గారి పేరు చెప్పారు. ఆయన మన సంఘస్థుడే. భార్య కరోనాలో పోయింది. పిల్లలు లేరు.

మొదటిసారి వెళ్ళినప్పుడు నేను చెప్పినవన్నీ రాసుకుని, తర్వాత ఒక్కొక్కటే కొట్టేశాడు. "సుశీలమ్మా, గీ రెండో స్టేజీ ఎందుకు? పెండ్లి చర్చిల అయితది. కేకు కోసేటందుకు నాలుగు బల్లలు, ఒక తెల్లగుడ్డ చాలు" అన్నాడు. పూల గేటు కూడా తీసేశాడు. "గది ఫోటోలకే. గా పైసలు కూరల పెట్టుండ్రి" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. టెంటు సామాను వద్దని చెప్పే టెంట్‌హౌస్ వాణ్ణి నేనెక్కడా చూడలేదు. రెండోసారి కుర్చీల సంగతి అడగడానికి వెళ్ళాను. అది ఫోన్‌లో అడిగే సంగతే. అయినా వెళ్ళాను.

మూడోసారి అడ్వాన్సు ఇద్దామని వెళితే, ఆయన డబ్బులు అందుకోకుండా నిలబడ్డాడు. "నాకు తిప్పి చెప్పరాదు. మీరచ్చి కూసుంటే దుకాణంల మంచిగనిపిస్తది. మీకిష్టమైతే పాస్టరు గారితోని మాట్లాడుత. లేకుంటే గీ ముచ్చట గిక్కడ్నే మరిచిపోండ్రి. టెంటు మాత్రం నేనే ఏస్త" అన్నాడు.

డబ్బులు సంచిలో పెట్టుకుని బస్టాండుకు నడిచాను. నాకు కోపం రాలేదు తేజూ. మెట్‌పల్లి బస్సులో కిటికీ పక్కన కూర్చుని కోరుట్ల దాకా సంతోషంగా ఉన్నాను. అదే నన్ను భయపెట్టింది. దిగేసరికి ఇంకో ఆలోచన పట్టుకుంది. ఆయన లెక్క అంత తక్కువ ఎందుకైంది? నా మీద మనసు పడి తగ్గించాడా? నేను సరే అంటే, బిడ్డ పెళ్ళికి టెంటు మాఫీ చేయించుకుని మారుమనువు పోయిందంటారు. నేను పనిచేసే అంగన్‌వాడీలో నా ముందే అంటారు. వద్దంటే ఆయన టెంటు కిందే నీ పెళ్ళికి ఏ ముఖంతో నిలబడాలి? అందుకే మర్నాడే కోరుట్లలో ఇంకో దుకాణంలో అడ్వాన్సు ఇచ్చేశాను. వాళ్ళు రెండు స్టేజీలు, పూల గేటు అన్నీ కలిపే ఇస్తారట.

ఇదీ సంగతి. నీ పెళ్ళి ముందర నా ముచ్చట ఏంటి? ఆయనకు జవాబు చెప్పను. అయిపోయింది. రవీందర్‌కు చెప్పకు, నవ్వుతాడు.

మీ అమ్మ,
సుశీల

సిరిసిల్ల,
మార్చి 19

అమ్మా,

ఇలాంటి ఉత్తరానికి ఫోన్‌లో జవాబు చెప్పకూడదు కాబట్టి నేనూ రాస్తున్నాను. కూర్చుని చదువు.

మొదట ఏడ్చాను. నాన్న పోయి తొమ్మిదేళ్ళయినా, మన ఇంట్లో ఆయన కూర్చునే చోట ఇంకొకరిని అనుకోవడం నాకు కష్టమే అయింది. అది నీ దగ్గర దాచను. రెండు రోజులు నీకు ఫోన్ చేయనిది అందుకే. రవీందర్‌కు చెప్పొద్దన్నావు. చెప్పాను. నేను వాళ్ళింటికి వెళ్ళేసరికి, మరమగ్గాలు నడిపే సాంచాల షెడ్డు నుంచి అప్పుడే వచ్చి చేతులు కడుక్కుంటున్నాడు. నవ్వలేదు. "అత్తమ్మ వద్దనలే గద. పారిపోయచ్చింది. రెండూ ఒక్కటెట్లయితయి?" అన్నాడు.

ఆ మాట నన్ను నిలవనీయలేదు. సెలవు రోజున జగిత్యాల వెళ్ళాను. కరుణాకర్ అంకుల్ షామియానా మడత పెట్టిస్తున్నాడు. నేనెవరో చెప్పగానే చేతిలోది వదిలేసి, "కూసో బిడ్డా" అని తాను మాత్రం నిలబడే ఉన్నాడు. నేను సూటిగానే అడిగాను, "మా అమ్మకు రేటు ఎందుకు తగ్గించిండ్రు?" అని.

"నేను తగ్గియ్యలే. అక్కర లేనియి తీసేసిన. గవి తీసేస్తే లెక్క గంతే అయితది. చర్చి పెండ్లి అని ఎవలచ్చినా గిట్లనే చెప్త" అన్నాడు. అక్కడ కూర్చునే కోరుట్ల దుకాణానికి ఫోన్ చేశాను. కుర్చీకి అదే రేటు, షామియానాకు అదే రేటు. నువ్వు భయపడిన పద్దెనిమిది వేలూ ఆ స్టేజీవి, ఆ గేటువి. ఆయన నీకు ఒక్క రూపాయి కూడా మాఫీ చేయలేదమ్మా!

వచ్చేస్తుంటే వెనకాలే రోడ్డు దాకా వచ్చాడు. "మీ అమ్మను అడుగకుండ ఉండాల్సుండె. నీ పెండ్లికి అడ్డమైనట్టయింది" అన్నాడు. ఆయన ముఖం చూశాక నాకు నాన్న గుర్తుకు రాలేదు. నువ్వే గుర్తుకొచ్చావు. నువ్వూ ఇలాగే అందరికీ అడ్డం అవుతానేమోనని గోడ పక్కన నిలబడతావు.

నీకు ఇష్టం లేకపోతే వద్దని చెప్పు, నేను నీ పక్కనే ఉంటాను. కానీ నా పేరు చెప్పి వద్దనకు. నా పెళ్ళి ఖర్చులో నీ బతుకును కలపకు. అంగన్‌వాడీలో ఎవరేమన్నా వాళ్ళకు నేను జవాబు చెప్తాను.

నీ బిడ్డ,
తేజస్విని

కోరుట్ల,
మార్చి 28

తేజూ తల్లీ,

నీ ఉత్తరం చదివి నీ మీద కోపమొచ్చింది, తర్వాత పోయింది. కోరుట్ల దుకాణం వద్దనుకున్నాను. అడ్వాన్సులో కొంత పట్టుకున్నారు. పోనీ.

నిన్న జగిత్యాల వెళ్ళాను. అడ్వాన్సు కాదు, మొత్తం డబ్బు బల్ల మీద పెట్టాను. ఆయన లెక్కపెట్టి రశీదు రాసిచ్చాడు.

"ఇగ నేను మీకు బాకీ ఏమన్న ఉన్ననా?" అన్నాను.

"లేరు."

"అయితే ఇప్పుడడుగుండ్రి."

"ఏమడగాలె?"

"మొన్న అడిగింది."

ఆ మనిషి దుకాణంలో పనివాళ్ళందరినీ చాయ్ తాగి రమ్మని పంపించి, గొంతు సవరించుకుని, అప్పుడు అడిగాడు. నేను సరే అన్నాను. 

నీ పెళ్ళి రోజు నేను పెళ్ళికూతురి తల్లిని మాత్రమే. మాది జూన్‌లో, ఒక ఆదివారం ఆరాధన అయ్యాక. పాస్టరు గారు ఒప్పుకున్నారు. సంఘానికి చాయ్, ఉప్మా, అంతే. టెంటు కూడా వద్దన్నాను. ఆయన ముఖం ఇంత చేసుకుని, "టెంట్‌హౌసోని పెండ్లి టెంటు లేకుండనా? జగిత్యాల మొత్తం నవ్వుతది!" అన్నాడు. చాలాసేపు వాదులాడుకున్నాం. చిన్నది ఒకటి వేసుకోమన్నాను.

నువ్వూ రవీందరూ ముందురోజే రావాలి. నా చీర కుచ్చిళ్ళు నువ్వే పెట్టాలి.

మీ అమ్మ,
సుశీల