జవాబు పోయే దారి

వరద నియంత్రణ శాఖ సమాచార విభాగం ముఖ్య అధికారి గారి సముఖమునకు, జలాశయం గట్టు మీద నీటిమట్టం చూసే ఉద్యోగి వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: మెయిల్ సర్వర్ మార్పు, తదుపరి సెట్టింగుల సవరణ, ఆ రెంటి మధ్య శాఖవారి అనుమతి లేకుండా వచ్చిన వరద గురించి.

1. నేను పంతొమ్మిదేళ్లుగా గట్టు మీది కొలబద్ద చూసి, రోజుకు రెండు పూటలా నీటిమట్టం కంట్రోల్ రూముకు తెలియపరచువాడను. మొదట కార్డు మీద, తర్వాత ఫోనులో, గత ఆరేళ్లుగా మెయిల్‌లో. ఈ మార్పులేవీ నీరు గమనించినట్టు లేదు.

2. గత నెల ఏడవ తేదీ ఉదయం కంప్యూటరు నా పాస్‌వర్డ్ తప్పన్నది. అది మా అత్తగారి పేరు. ఎవరూ ఊహించరని పెట్టుకున్నాను. నాలుగుసార్లు కొట్టాను. మాకు ఇల్లూ ఆఫీసూ ఒకటే గది కనుక, కుట్టుమిషను ముందున్న నా భార్య తలెత్తి, "మా అమ్మ పేరు కూడా రాయడం రాదా మీకు?" అన్నది. ఇందుకు నష్టపరిహారమేమీ కోరుట లేదు.

3. తమ సహాయ కేంద్రానికి ఫోను చేయగా ఒకమ్మాయి మర్యాదగా మాట్లాడినది.

"సర్వర్ మారిందండీ. మీరు సెట్టింగ్స్ మార్చుకోవాలి. ఎలా మార్చుకోవాలో అందరికీ మెయిల్ పంపాం."

"ఆ మెయిలే రావట్లేదమ్మా."

"సెట్టింగ్స్ మార్చుకుంటే వస్తుందండీ."

"పోనీ, ఆ నాలుగు ముక్కలూ నువ్వే చెప్పు తల్లీ, రాసుకుంటాను."

"ఫోన్లో చెప్పకూడదండీ. భద్రత."

ఎవరి భద్రతో నేను అడగలేదు. అది నా తప్పే.

4. పదవ తేదీన రెండు బస్సులు మారి ప్రధాన కార్యాలయానికి వచ్చితిని. సర్క్యులరు నోటీసు బోర్డులో ఉన్నదన్నారు. బోర్డుకు అద్దం, అద్దానికి తాళం, సర్క్యులరు మీద సగం దాకా వేరొకరి పదవీ విరమణ సభ ఆహ్వానం. తాళంచెవి సెలవులో ఉన్నవారి దగ్గర ఉన్నది. మెడ వంచి, అద్దానికి ముక్కు ఆనించి, కనిపించినంత వరకు కాగితం మీదికి ఎక్కించుకున్నాను. లోపలికి వచ్చే మెయిల్‌కు ఒక సర్వరట, బయటికి పోయే దానికి మరొకటట, ఒక్కోదానికి ఒక్కో అంకె. వచ్చే నీరు, పోయే నీరు లెక్క చూసేవాణ్ణి, ఇదేమంత బ్రహ్మవిద్య అనుకున్నాను. ఇంటికి వెళ్లి అన్నీ పొల్లుపోకుండా నింపాను. మెయిళ్లు రావడం మొదలైంది. పోవడం మాత్రం లేదు. పంపినవన్నీ 'క్యూలో ఉన్నది' అంటూ కూర్చున్నాయి. ఆ సంగతి ఫోనులో మూడుసార్లు చెప్పాను. మూడుసార్లూ మెయిల్ పెట్టమన్నారు.

5. పదహారవ తేదీన ఎగువ వానలకు నీరు గంటకు రెండడుగుల చొప్పున లేచినది. ఎనిమిదింటికి ముప్పై ఆరు అడుగులు, పదింటికి నలభై. అరగంటకొకటిగా ఐదు నివేదికలు పంపాను. ఐదూ క్యూలో చేరాయి. కంట్రోల్ రూముకు ఫోను చేశాను.

"నీటిమట్టం మామూలుగానే ఉందిగదండీ," అన్నాడు అక్కడి బాబు.

"నేను దాని పక్కనే నిలబడి చూస్తున్నాను నాయనా."

"స్క్రీన్ మీద లేదండీ. మెయిల్ రాకుండా సైరన్ మోగించే అధికారం నాకు లేదు."

గేట్ల మనిషి పరుగున వచ్చాడు. "అన్నా, ఇంకో గంటలో నలభై రెండు దాటుతుంది. అప్పుడు గేట్లు ఎత్తకపోతే గట్టే పోతుంది. కిందవాళ్లకి ఎవరు చెబుతారు?"

కింద వాగు ఒడ్డున ఇటుకల బట్టీ. ముప్పై రెండు గుడిసెలు. నాకు స్కూటరు నడపడం రాదు. నా భార్యకు వచ్చు. కుట్టుతున్న జాకెట్టు మిషను మీదే వదిలేసి వచ్చింది. వెనక కూర్చుని గొంతు చిరిగేలా అరిచాను. బట్టీ మేస్త్రి, "ఆఫీసువాళ్లు సైరన్ వేయలేదే? పచ్చి ఇటుక వదిలేసి ఎక్కడికి పొమ్మంటావు?" అని అడ్డం నిలబడ్డాడు. వాళ్లావిడ అతని మాట పూర్తి కానివ్వలేదు. నా మొహం ఒక్కసారి చూసి, చంటిపిల్లను చంకనేసుకుని, అత్తగారి చెయ్యి పట్టుకుని మెరక మీదికి నడిచింది. ఆమె వెనక అందరూ కదిలారు. పదకొండింటికి గేట్లు లేచాయి. పావుగంటలో గుడిసెలు పోయాయి, ఇటుకలు మళ్లీ మన్నయ్యాయి. మనుషులు మిగిలారు. అందరినీ పేరుపేరునా పిలిచి రెండుసార్లు లెక్కపెట్టుకున్నాను.

6. పద్దెనిమిదవ తేదీన నాకు మెయిల్‌లో మెమో వచ్చినది. నివేదికలు పంపలేదనియు, విధి స్థలం విడిచితిననియు, వదంతి వ్యాపింపజేసితిననియు మూడు అభియోగములు. మూడు రోజుల్లో మెయిల్ ద్వారా మాత్రమే సంజాయిషీ ఇవ్వవలెనట. ఇచ్చాను. అదీ క్యూలో కూర్చున్నది. తిట్టు వచ్చే దారి సవ్యంగా ఉంచి, జవాబు పోయే దారి మూసిన ఏర్పాటు ఇంత చక్కగా పొరపాటున కుదరదని నా అల్పబుద్ధికి తోస్తున్నది.

7. ఇరవై రెండవ తేదీ ఉదయం సహాయ కేంద్రం అమ్మాయి తన సొంత ఫోను నుంచి మెల్లగా చెప్పినది: "నేను చెప్పానని అనకండి బాబాయ్ గారూ. సర్క్యులర్‌లో బయటికి పోయే సర్వర్ అంకె తారుమారైంది. 857 కాదు, 587." మార్చాను. క్యూలో ఉన్నవన్నీ, ఆ ఐదు నివేదికలూ సంజాయిషీతో సహా, ఒక్కసారి పరుగు తీశాయి. సంజాయిషీకి 'గడువు ముగిసినది' అని క్షణంలో జవాబు. పదహారవ తేదీ నాటి నివేదికలు చూసి కంట్రోల్ రూము వారు తక్షణం సైరన్ మోగించిరి. ఎండ కాస్తున్నది. వాగులో పిల్లి మునిగేంత నీరు లేదు. బురదలో గిన్నెలు వెతుక్కుంటున్న జనం మళ్లీ పిల్లల్నెత్తుకుని పరుగెత్తారు. సాయంత్రం రెండో మెమో: సంజాయిషీ సకాలంలో రానందునను, తప్పుడు సైరనుకు కారకుడనైనందునను నన్ను విధుల నుంచి తప్పించడమైనది.

కావున సర్క్యులరులోని అంకె దిద్దించి, నా మెమోలు రద్దుపరచి, కొలబద్ద దగ్గర ఇప్పుడు ఎవరూ లేరు కనుక నన్ను వెంటనే తిరిగి నియమించవలెనని మనవి. స్క్రీను కాక నీటిని చూసేవారి చేతికి కూడా ఒక సైరను ఇప్పించవలెను. తమ మెయిల్ పెట్టెలో కాక తమ కళ్లతోనే ఈ కాగితమును చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయుడు,
నీటిమట్టం చూసేవాడు
(ప్రస్తుతం చూడరాదని ఉత్తర్వు. అయినా చూస్తూనే ఉన్నాను.)

తా.క.: ఇది తమ కార్యాలయం కౌంటరు మీదే రాస్తున్నాను. గుమాస్తా గారు, "కాగితం అర్జీలు తీసుకోవడం మానేశాం, మెయిల్ పెట్టండి," అన్నారు. నాతో పాటు బట్టీవాళ్లు ఇరవై మంది దాకా వచ్చారు, నేను పిలవలేదు. మేస్త్రి పెళ్లాం ముందుకొచ్చి, "ఈయన నోటిమాట మీద మేం ఇళ్లు వదిలి లేచాం బాబూ. నువ్వు కుర్చీ వదిలి లేవలేవా?" అన్నది. వరసలో ఎవరూ కదలలేదు. గుమాస్తా గారు లేచారు. అర్జీ అందినట్టు వేసే ముద్ర ఎక్కడ పెట్టారో వెతుకుతున్నారు. దొరికేదాకా మేం ఉంటాం.