ఇరవై ఎనిమిది నిండిన రన్నింగ్ బ్యాక్

చిరంజీవి ధృవ్‌కి అమ్మ దీవెనలు.

ఇక్కడ క్యారీ ఊళ్లో మేమంతా కులాసా. నడుం నొప్పి మీ నాన్నకీ, ఆయన సణుగుడు నాకూ అలవాటైపోయాయి. నీ మోకాలి సంగతి మాత్రం నువ్వు రాయలేదు. రాయలేదంటే నొప్పి ఉందనే అర్థం.

గోంగూర పచ్చడి ఇంకో సీసా అడిగావు, పంపిస్తున్నాను. ఆటకు ముందు మాత్రం తినకు.

ఇక నువ్వడిగిన పెద్ద ప్రశ్న. టీమ్ వాళ్లు ఒక్క ఏడాదికే కాంట్రాక్ట్ ఇస్తామన్నారనీ, ఇకనుంచి బంతి సగంసార్లు నీకూ సగంసార్లు కొత్తవాడికీ అన్నారనీ రాశావు. "ఈ ఆటలో ఇరవై ఎనిమిదికే ముసలివాళ్లం. ఇరవై ఎనిమిది నిండిన రన్నింగ్ బ్యాక్ ఎవరికి కావాలమ్మా? మర్యాదగా మానేయనా?" అన్నావు. అది చదివి నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ఈ అమెరికన్ ఫుట్‌బాల్‌లో రన్నింగ్ బ్యాక్ అంటే బంతి పొట్టకు హత్తుకుని కొండల్లాంటి మనుషుల మధ్యకు దూరడమేగా నీ పని. ఇన్నేళ్లుగా ప్రతి ఆదివారం వాళ్లు నిన్ను కింద పడేస్తుంటే సోఫాలో కాళ్లు ముడుచుకుని చూశాను. నువ్వు అలిసిపోయావని నాకొకరు చెప్పక్కర్లేదు.

మన హంసిక ఫిజికల్ థెరపీ చదువు ఇన్నాళ్లకి నాకు పనికొచ్చింది. అడిగితే, "ఏజ్ ఒక్కటే కాదమ్మా, అన్నయ్య ఎన్ని హిట్స్ తిన్నాడో కూడా కౌంట్ అవుతుంది. బాల్ షేర్ చేసుకుంటే ఇంకా ఆడొచ్చు" అంది. నువ్వు అవమానం అనుకుంటున్నదే నీకు మంచిదట.

ఇప్పుడు అసలు సంగతి. ఫోన్‌లో అయితే మాట పెగలదని రాస్తున్నాను. "ఇన్నేళ్ల తర్వాత ఎందుకే, వాడు కన్ఫ్యూజ్ అవుతాడు" అని మీ నాన్న వద్దన్నారు. నేను వినలేదు.

నీకు నిండినవి ఇరవై ఎనిమిది కాదు, ఇరవై ఏడే. కాకినాడలో నిన్ను ఎల్‌కేజీలో వేయబోతే వయసు చాలదన్నారు. మీ తాతయ్య స్కూల్లో నువ్వు ఏడాది ముందే పుట్టినట్టు రాయించేశారు. తేదీ అదే, సంవత్సరమే వేరు. అప్పట్లో మన వైపు చాలా ఇళ్లలో ఇది మామూలే. పాస్‌పోర్టూ వీసా అన్నీ దాని వెంటే నడిచాయి. అమెరికా వచ్చాక నీకు చెప్పడానికి మొదట భయం, తర్వాత బద్ధకం. క్లాసులో అందరికన్నా నువ్వే పొట్టిగా ఉన్నావని ఏడ్చిన రోజైనా చెప్పాల్సింది.

కాగితాలు ఇప్పుడు మారవు. టీమ్ వాళ్లకు చెబితే నవ్వుతారు. తిన్న దెబ్బలూ వెనక్కి పోవు, అందుకే సగం బంతి ఇస్తామంటే సంతోషంగా పుచ్చుకో. వయసు మాత్రం నీకు ఒక ఏడాది ఉత్తపుణ్యానికి కలిసొచ్చింది.

ఆట మీద మనసు విరిగితే మానేసి వచ్చెయ్, కడుపునిండా వండిపెడతాను. కానీ ముసలివాణ్ణయ్యానని మానేయకు నాన్నా. ఆ ముసలితనం నీ ఒంట్లో లేదు, మీ తాతయ్య రాయించిందది.

ఇట్లు,
నీ అసలు వయసు తెలిసిన
అమ్మ