ఫొటోల పెట్టెకి పెట్టిన పేరు

నాన్నా,

వైఫై పక్కనున్న ఫొటోల పెట్టెకి, అది మన పెట్టేనని రుజువు చూపే కొత్త సర్టిఫికెట్ చెయ్యాలి, నీ ల్యాప్‌టాప్ దాన్ని నమ్మేలా పెట్టాలి, నీ ఫోన్‌లోనూ పెట్టాలి. మొదటి రెండూ అయ్యాయి. ఫోన్ సంగతి సాయంత్రం వచ్చి చూస్తాను. అప్పటిదాకా అందులో ఎర్ర హెచ్చరిక వస్తే దాటకు.

ల్యాప్‌టాప్‌లో పెట్టె తెరవడానికి ఇక పాత నంబరు కొట్టొద్దు. సర్టిఫికెట్ పెట్టె పేరు మీద ఉంది కాబట్టి పేరే కొట్టాలి. చీటీ వెనక పెద్ద అక్షరాలతో రాశాను.

ఇదివరకు పెట్టె తెరవబోతే వచ్చే ఆ హెచ్చరిక ఏమిటని నువ్వు రెండుసార్లు అడిగావు. "ఏం కాదు నాన్నా, నొక్కేసి వెళ్ళిపో" అన్నాను. మూడోసారి నా ఆఫీసువాళ్ళ ముందే "నీకెన్నిసార్లు చెప్పాలి?" అని కసిరాను. ముప్పై ఏళ్ళు రైల్వే గేటు దగ్గర ఎర్రదీపం పడితే ఒక్కరినీ దాటనివ్వలేదు నువ్వు. నా మాట మీద ఎర్రది దాటుతావని ఎలా అనుకున్నానో! ఆరు నెలలుగా నువ్వు పెట్టె తెరవనే లేదని నిన్న చూస్తే తెలిసింది. పోయిన అత్తయ్య ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయి. నీ మొహం చూసి చెప్పలేక రాసి వెళ్తున్నాను. తప్పు నాదే.

అత్తయ్య ఉంటే "నిన్ను చదివించమని మీ నాన్నతో పోట్లాడింది ఇందుకా?" అని చెవి మెలిపెట్టేది. పెట్టెకి తన పేరే పెట్టాను. కొట్టిన ప్రతిసారీ తనని ఒకసారి తలుచుకో.