గోడకు అటూ ఇటూ దేవదానం

2003 జూన్ 9, సోమవారం
ఇది రాయడం దండగ అనుకున్నాను. పెన్నుకు మూత కూడా పెట్టేశాను. కానీ ఎవరికీ చెప్పుకోలేని కోపం కడుపులో అరగదు... అందుకని.

తమ్ముడు. రిటైరై ఆరేళ్ళయినా రాజోలులో అందరికీ మాస్టారే, నాకు కూడా. గోడకు అటు వాడి వాటా, ఇటు నాది. నాన్న పోయి పాతికేళ్ళు. ఇరవై రెండున, ఆదివారం, జ్ఞాపకార్థ కూడిక. వచ్చినవాళ్ళకు పంచడానికి నాన్న జీవితం ఒక పేజీ రాశాను. అది నా కంప్యూటర్లో ఉంది. ప్రింటరు ఇద్దరం కలిసి కొన్నదే, ఉన్నది వాడింట్లో. "నీ వాటా కారుద్ది అన్నయ్యా, తడిసిపోద్ది" అన్నాడు. కారేది ఒక్క మూల.

ఫ్లాపీలో వేసి ఇవ్వొచ్చు. ఇస్తే చదువుతాడు. చదివితే ఎర్ర పెన్ను తీస్తాడు. నేను బడి మానేసి, నాన్న పనిచేసే లాకు గదిలో పాత పేపర్లు చదివి అక్షరం పట్టినవాణ్ణి. నా వాక్యం వాడికి ఎప్పుడూ పరీక్ష కాగితమే. అసలు గొడవ రెండో వాక్యం — కాలవ మీద పడవలు దాటించే లాకు పనికి కుదరకముందు నాన్న పన్నెండేళ్ళు పాలేరు. కిందటి నెల నోటితో చెప్పినందుకే మొహం మాడ్చాడు. "ఆ మాట తీసెయ్. నలుగురూ వస్తారు." ఆ నలుగురికీ తెలుసు.

అందుకే నా కంప్యూటరుకీ వాడి కంప్యూటరుకీ మధ్య వైరు. వాడు చర్చి సంఘం కమిటీకి వెళ్ళిన పూట నా బల్ల మీద నొక్కితే వాడింట్లో అచ్చు పడాలి. మరి వాడు ఎందుకు ఒప్పుకున్నాడంటే — ఇక నేను వాడి గడప తొక్కక్కర్లేదు కదా.

జూన్ 10
సత్యం వచ్చి వైరు లాగాడు. నిన్నమొన్నటి దాకా టైపు మిషన్లు బాగుచేసినవాడు, ఇప్పుడు కంప్యూటర్ల వైద్యుడు. కిటికీ పైన కన్నం, మధ్యలో చిన్న డబ్బా, రెండు పచ్చ దీపాలు. టీ తాగి వెళ్ళాడు. అతను వీధి మలుపు తిరిగాడో లేదో, కంప్యూటరు ఆన్ చెయ్యగానే ఏదో ఇంగ్లీషులో విసుక్కుంది. పక్కింటి యంత్రం జాడ లేదు.

జూన్ 11
వైరు పీకి, ఊది, పెట్టాను. మళ్ళీ విసుగే. గోడ మీంచి మాస్టారి గొంతు:
"నీ వైరు పెట్టిన కాణ్ణుంచీ నా సిస్టమ్ మొరాయిస్తోంది. ఏం పురుగు పంపేవ్?"
"నీ దగ్గర లేని పురుగు నా దగ్గరెక్కడిదిరా!"

జూన్ 13
సత్యం మళ్ళీ వచ్చాడు. అటు చూశాడు, ఇటు చూశాడు, నవ్వు ఆపుకున్నాడు. "ఆయ్, వైరు బానే ఉందండీ. రెండు కంప్యూటర్లకీ ఒకటే పేరు పెట్టేరండీ. ముందు ఆన్ చేసినోళ్ళకి పేరు దక్కుద్దండీ, రెండోది బయటే."

దేవదానం. నాన్న పేరు. కొన్ననాడు ప్రార్థన చేయించి నేను పెట్టుకున్నాను. వాడూ అంతే. ఒకరికొకరం చెప్పుకోలేదు... మాటలుంటే కదా.

నాన్న లాకులో ఉండగా ఒకే పేరున్న రెండు పడవలు ఎదురెదురుగా వచ్చాయట. నేను ముందంటే నేను ముందని ఇద్దరు సరంగులూ బూతులకు దిగారు. నాన్న లాకు తలుపులు తియ్యకుండా చుట్ట ముట్టించుకుని కూర్చున్నాడు. ఎంతసేపని అడిగితే — "ఎవడో ఒకడికి ఆకలేసే దాకా." ఈ కథ పేజీలో పెట్టాల్సింది. చోటు చాల్లేదు.

జూన్ 14
అయిదింటికి లేచి ముందు నేనే ఆన్ చేశాను. పేరు నాకే దక్కింది. తీరా చూస్తే వాడి యంత్రం బయట, దానితోపాటు ప్రింటరూ బయటే. గెలిచి ఏం లాభం.

జూన్ 15
వాడు నాలుగున్నరకే లేచాడు. వెధవ.

జూన్ 16
పెరట్లో పంచాయతీ. సత్యం మధ్యలో, చేతులు కట్టుకుని. "మనుషులకి పిల్చుకున్నట్టే పెద్ద దేవదానం, చిన్న దేవదానం అనేసుకోండి."
"పెద్దాణ్ణి నేను" అన్నాను.
"కంప్యూటరు ముందు కొన్నది నేను. నీదే చిన్నది" వాడు.
"నాన్న చేతుల్లో ముందు పడ్డది ఎవడ్రా?"
"పడితే సరా? ఆయన పేరు నిలబెట్టింది ఎవరో ఊరినడుగు."
సత్యం సైకిలెక్కి వెళ్ళిపోయాడు. ఇంటికొచ్చి అన్నం దగ్గర కూర్చున్నాక నాకు జవాబు దొరికింది.

జూన్ 18
వాన. ఆ మూల కారింది. సంతోషించి ఉంటాడు.

జూన్ 19
నా యంత్రం పేరు మార్చాను. ఇంగ్లీషు అక్షరాల్లో — పాలేరు. ఆపి మళ్ళీ ఆన్ చేశాను. విసుగు లేదు. తెర మీద కిటికీ తెరిస్తే రెండు పేర్లు, ఒకదాని కింద ఒకటి: దేవదానం, పాలేరు. వాడు తెరిచినా అవే రెండూ. తీసెయ్యమన్నాడుగా, రోజూ చూసుకోనీ.

సాయంత్రం మరదలు రత్నం గోడ దగ్గరికొచ్చింది. "ఆయన చూసేరండి బావగారూ."
"ఏమన్నాడు?"
"దానెదురుగా అలా కూచునున్నారండి. కాఫీ చల్లారిపోయింది."

జూన్ 20
వాడి యంత్రం కనపడుతోంది, ప్రింటరు కనపడడం లేదు. రత్నాన్ని అడిగాను. "ప్రింటరు పంచుకోడానికి సత్యం పెట్టిన టిక్కు ఆయన తీసేసేరండి."
"నువ్వు పెట్టగలవా అమ్మా?"
"అమ్మో, నా కొంప ముంచుతారేంటండీ!"
ఎల్లుండే కూడిక. చేత్తో నలభై కాగితాలు రాస్తాను. వాడికి మాత్రం ఇవ్వను.

జూన్ 21
పొద్దున్న ఆరు కాగితాలు చేత్తో రాసేసరికి వేలు పట్టేసింది. ఊరికే తెరిచి చూశాను — ప్రింటరు ఉంది. రత్నాన్ని పిలిచి అడిగితే ఒట్టు, నేను కాదంది.

వాడు కమిటీకి వెళ్ళే దాకా ఆగలేదు. నలభై అని కొట్టి నొక్కేశాను. గోడ అవతల కీచుమని మొదలై, ఒక పేజీ కాగానే ఆగిపోయింది. కుర్చీ జరిగింది. దగ్గు. కాగితం లాగిన చప్పుడు... మళ్ళీ మొదలైంది.

మధ్యాహ్నం జల్లులో రత్నం కట్ట కొంగు కింద పెట్టుకుని తెచ్చింది. ప్రతి కాగితం తిరగేశాను. రెండో వాక్యం ఉంది. ఎర్ర గీత ఎక్కడా లేదు.

లెక్కపెట్టాను. ముప్పైతొమ్మిది.