ఇటీవల, త్వరలో, వెంటనే

మద్రాసు, 4-2-1963

చెంచురామయ్య గారికి, ఆదిశేషమ్మ గారికి హెబ్రోను నమస్కారాలు.

మీరు ఊరి కోసం తవ్విస్తున్న మంచినీళ్ల బావి గుంటలో గవ్వలు ఏరుకొచ్చాను కదా. వాటి మీద భూగర్భశాస్త్ర సభలో వ్యాసం చదవబోతున్నాను. మీ మట్టి సంగతి ముందు మీకే చెప్పాలని తేలిక మాటల్లో రాస్తున్నాను. ఇటీవల సముద్రం మీ బావి దాకా ఉండేది. త్వరలో మళ్లీ రాదని చెప్పలేము.

ఇట్లు, మీ వసారాలో పడుకున్న
హెబ్రోను

తా.క.: అన్నానికి పిలిచినప్పుడల్లా "ఇప్పుడే వస్తున్నా" అని గవ్వలు కడుగుతూ కూర్చున్నందుకు ఆదిశేషమ్మ గారు మన్నించాలి. ఆదెయ్య మీద గుంట గట్టు కూలబోయిన రోజు తలుచుకుంటే ఇంకా దడగానే ఉంది.

బోగోలు, 11-2-1963

నాయనా హెబ్రోనూ, నీ మేలు కోరే చెంచురామయ్య రాసేది.

నీ కాయితం నలుగురిలో చదివినా. బావి తవ్వే ఆదెయ్య, సముద్రమే వస్తా ఉంటే బావెందుకని పార పడేసి పోయినాడు. గురవమ్మ మేకల్ని తోలుకుని కావలిలో కూతురింటికి చేరింది. ఇటీవల వచ్చిందంటివే, మా తాత కూడా చూళ్లేదు. పోయినేడు నేను మనుబోలు పెళ్లికి పోయినప్పుడేమన్నా వచ్చి పోయిందా? ఎండలు ముదిరితే ఆడోళ్లు మైలు దూరం నించి నీళ్లు మొయ్యాల. ఈ బావి ఆగితే మాకు దిక్కు లేదు.

నీ రాక కోసం చూసే
చెంచురామయ్య

తా.క.: ఎన్ని గంటలకు వస్తుందో రాస్తే పశువుల్ని విప్పుకుంటాం.

మద్రాసు, 16-2-1963

చెంచురామయ్య గారికి నమస్కారాలు.

తప్పు నాదే. మా శాస్త్రంలో ఇటీవల అంటే ఐదారు వేల ఏళ్లు. త్వరలో అన్నా అంతే. మాలో మేము మాట్లాడుకుని ఊరి మాట మరిచిపోయాం. ఆదెయ్యను పిలిపించండి. గవ్వల కింద నల్ల బంకమన్ను తగులుతుంది. దాని పైన మంచినీళ్లు, కింద ఉప్పునీళ్లు. బంకమన్ను కనబడితే తవ్వడం వెంటనే ఆపండి.

మీ
హెబ్రోను

తా.క.: అసలు మొదట రాయాల్సింది ఇదే.

బోగోలు, 22-2-1963

నాయనా హెబ్రోనూ, అందరం క్షేమం.

ఆదెయ్య వచ్చినాడు. గురవమ్మ రాలేదు, కూతురింట్లో చేపల పులుసు బాగుందంట. నిన్న నల్లమన్ను తగిలింది. నీళ్లు చీలమండ దాకే ఊరినాయి. వెంటనే ఆపమన్నావు. నీ త్వరలో వేల ఏళ్లయితే, నీ వెంటనే నాలుగైదు వందల ఏళ్లన్నా ఉండదా అన్నాడు ఆదెయ్య. నాకూ సబబే అనిపించింది. రేపు పొద్దున బంకమన్ను పగలగొడతాం.

చెంచురామయ్య

తా.క.: తప్పయితే రాయి. నీ జవాబు వచ్చేలోగా నీళ్లు పడతాయిలే.

మద్రాసు నుంచి తంతి, 25-2-1963

ఆపండి. వెంటనే అంటే వెంటనే. హెబ్రోను.

బోగోలు, 27-2-1963

నాయనా, నీ తంతి అందేసరికి పని అయిపోయింది.

ఆ పొద్దున ఆదెయ్య గునపం తీసుకున్నాడు. ఆదిశేషమ్మ వచ్చి, గుంటలోకి దిగే మోకు లాక్కుని దాని మీద కూర్చుంది. "ఆ అబ్బి ఇప్పుడే వస్తానంటే అన్నం చల్లారిపొయ్యేది, నిజమే. గట్టు చీలిన రోజు 'వెంటనే పైకి రా' అని అరిచినాడు. నువ్వు పైకి రావడం, గట్టు కూలడం ఒకటే అయింది గదా ఆదెయ్యా. మన పానానికి సంబంధించిన మాట ఆ అబ్బి ఆలస్యంగా చెప్పడు" అనింది. ఆదెయ్య గునపం దించినాడు. లోతు మాని గుంట వెడల్పు చేసినాం. తెల్లారేసరికి మోకాటి లోతు నీళ్లు, తియ్యగా ఉండాయి. తాగతా ఉంటే నాకు కళ్లెంబడి నీళ్లొచ్చినాయి.

ఆ వ్యాసం సభలో చదివే ముందు ఈమెకొకసారి వినిపించు.

చెంచురామయ్య

తా.క.: మా నీళ్లు తాగడానికి త్వరలో రా. మా త్వరలో అంటే ఈ ఆదివారం. నువ్వు చర్చికి పోవాలంటే సోమవారం. ఈసారి అన్నం నువ్వొచ్చినాకే వండతానంటా ఉంది.