ఇల్లు ఎవరి పేరున

జూన్ 11

తెల్లారి చూస్తే వంటింటి వెనక గట్టు జారింది. గోడకు పగులు. కింద నుంచి కిటికీ దాకా. పెన్ను మూత పడుతుంది అందులో. మా ఆయన చూసి, "పాతదేలే" అన్నారు. పాతది కాదు. రోజూ ఆ గోడ పక్కన నిలబడి తాలింపు వేసేది నేను.

నడుం నొప్పి. అయినా డ్యూటీకి నడిచే వెళ్ళాను.

జూన్ 14

విశాఖ నుంచి కమల ఫోన్. నర్సు ట్రైనింగ్‌లో నా పక్క మంచం. పోయిన తుఫానుకి వాళ్ళ మేడ మీద రేకులు లేచిపోతే ఇన్సూరెన్సు వాళ్ళు డబ్బిచ్చారట. "మీకు లేదేటే? కొండ కింద ఇల్లెట్టుకుని!"

లేదు. నా ప్రాణానికి ఉంది, స్కూటీకి ఉంది, ఇంటికి లేదు. ఆలోచనే రాలేదే అన్నాను కమలతో. అబద్ధం. ఇల్లు ఎవరి పేరున ఉందని అడుగుతారని తెలుసు కాబట్టి ఊరుకున్నాం. ఈ ఏజెన్సీలో గిరిజనుల భూమి మా లాంటి మైదానం వాళ్ళ పేరున రాయరు. ఈ ఇల్లు మేం కట్టుకున్నాం, పేరు మాత్రం గంగులు గారిది. మా ఆయన డ్రైవరు, గంగులు గారు కండక్టరు, ఉద్యోగమంతా ఒకటే బస్సు. "మెరక మీద మా నేల చెక్క ఉంది గదా, కట్టేసుకో గురూ" అన్నారట ఒకరోజు ఘాట్ దిగుతూ. వద్దన్నా చేతిలో కొంత పెట్టారు ఈయన. కాగితం లేదు. ఆ మనిషీ లేరిప్పుడు.

జూన్ 15

ఆయనతో అన్నాను. "ఇంటికి ఇన్సూరెన్సేటి? ఇల్లేటైనా రోడ్డెక్కుతాదా?" అని నవ్వారు. ఘాట్ మలుపుల మీద బతుకంతా బస్సు తిప్పిన మనిషికి కదలని వస్తువంటే భయం లేదు. నాకుంది.

జూన్ 19

కమల పంపినవి ఫోన్‌లో చదువుతున్నాను. అక్షరాలు చీమల్లా ఉన్నాయి. అర్థమైనంత మటుకు — నేల ఖరీదు లెక్కలోకి రాదు, ఇల్లు మళ్ళీ కట్టడానికి ఎంతవుతుందో అదే లెక్క. తుఫాను, వరద, పిడుగు, కొండ జారడం, చెట్టు కూలడం... ఉన్నాయి. చెద, నెమ్ము, పాతబడటం, మెల్లగా వచ్చే పగులు... లేవు. సామాను సంగతి వేరే.

మెల్లగా వచ్చే నష్టానికి ఎవరూ ఏమీ ఇవ్వరన్నమాట. నవ్వొచ్చింది. నా నడుముకూ అంతే కదా.

ఏడాదికి కట్టేది చూస్తే రెండు మూడు గ్యాస్ బండల ధర. ఇంతేనా! మనల్ని ఆపింది ఖర్చు కాదు మరి.

జూన్ 24

ఏజెంటు వచ్చాడు. శ్రీను, అనకాపల్లి వైపు. హుషారు మనిషి. "బేగి అయిపోద్దండమ్మా, ఇంటిపన్ను రసీదు ఇచ్చీండి చాలు." ఇచ్చాను. చదివాడు.

"గంగులంటే ఎవరండీ?"

"మావోడే" అన్నారు ఈయన.

"చుట్టమా?"

ఈయన నా వైపు చూశారు. శ్రీనుకి అర్థమైంది. ఈ కొండల్లో మొదటి ఇల్లు కాదుగా మాది. గొంతు తగ్గించి చెప్పాడు — ఇల్లు ఎవరిదో పాలసీ వాళ్ళ పేరునే. ఆయన లేరు కాబట్టి వారసుల పేరున. మేము కావాలంటే అద్దెకున్నవాళ్ళుగా సామానుకు మాత్రం రాయించుకోవచ్చు. బీరువా, టీవీ, మంచాలు.

"నా ఇంట్లో నాను అద్దెకున్నానని రాయాలేటి?" అని లేచి బయటికి వెళ్ళిపోయారు ఈయన. టీ అలాగే ఉండిపోయింది.

జూన్ 25

ఈయన అన్నం సగం వదిలేశారు.

జూన్ 28

మళ్ళీ వాన. పెన్ను మూత ఇప్పుడు లోపలికి జారిపోయింది.

జూలై 3

ఆయనే మొదలుపెట్టారు. "బుద్రి పేరున రాయించి, రేపు డబ్బులొస్తే ఆ గుంట ఇవ్వనంటే?" గంగులు గారి ఒక్కతే కూతురు బుద్రి. ముంచింగిపుట్టు దారిలో అత్తారిల్లు. ముప్పై దాటింది, ఇద్దరు పిల్లలు, ఈయనకింకా గుంటే, చిన్నపిల్లే. "ఆల మొగుడొచ్చి వరండాలో కూకుంటే?"

కూర్చుంటే మనం ఏ మాటతో లేపుతాం అని అడిగాను. ఆయన భయం నాకు కొత్త కాదు, పైకి అనడమే కొత్త. రిటైరైనప్పుడు వచ్చిందంతా ఈ గోడల్లోనే ఉంది. మాకు ఇంకో ఇల్లు లేదు. చోడవరంలో వాటా ఎప్పుడో తమ్ముడికి వదిలేశారు.

జూలై 11

సంతలో బుద్రి. అల్లం, పిప్పళ్ళు కుప్పలు పోసుకుని కూర్చుంది. నన్ను చూసి అల్లం ముక్కలు సంచిలో పడేసింది. డబ్బు తీసుకోదు, వాళ్ళ అయ్యలాగే.

విషయం చెప్పాను. ఎలా చెప్పానో నాకే తెలియదు, సంతలో నిలబడి, ఆ గోలలో. ఆమె విని, "సంతకమే కదేటి సిస్టరమ్మా. ఎప్పుడు రమ్మంటే అప్పుడొత్తాను" అంది. అంతే. నేను సిద్ధం చేసుకున్న మాటలన్నీ మిగిలిపోయాయి.

ఆయన్ని డ్రైవర్ మావ అంటుంది. నేను మాత్రం సిస్టరమ్మనే. ఇన్నేళ్ళకు ఇవాళ తట్టింది.

జూలై 30

పేరు మార్పించడానికి పాడేరు రెండోసారి. జీపులో నడుం విరిగింది. బుద్రి పిల్లాడికి జ్వరం, అయినా వచ్చింది. నా సంచిలో ఉన్న మాత్రలిచ్చాను. పని అయింది. ఇంటిపన్ను రసీదు మీద ఇప్పుడు బుద్రి పేరు.

ఈయన రసీదు చూడలేదు. తాపీమేస్త్రిని పిలిచి గోడ పగులు పూడ్పించారు, గట్టుకు రాళ్ళు పేర్పించారు. పగిలిన గోడకు రాయరని శ్రీను చెప్పాడట. నాతో అనకుండా ఫోన్ చేసి కనుక్కున్నారన్నమాట.

ఆగస్టు 8

ఇవాళ్టి సంగతి రాయాలంటే చెయ్యి రావడం లేదు.

శ్రీను ఫొటోలు తీయాలన్నాడు. బుద్రి పొద్దున్నే వచ్చింది. నూనె రాసుకుని దువ్విన తల, కొత్త చీర. వరండాలో నిలబడింది ఎప్పటిలా. "ఓనరమ్మా, గదులు చూపించండి" అన్నాడు శ్రీను. ఆమె నా వైపు చూసింది. అప్పుడు గుర్తొచ్చింది నాకు... ఇన్నేళ్ళలో ఆమె వరండా దాటి లోపలికి రాలేదు. రావద్దని ఎవరూ అనలేదు. రమ్మని కూడా అనలేదు. కాఫీ వరండాలోకే తెచ్చి ఇచ్చేదాన్ని, మంచి గ్లాసులోనే, అదో గొప్పగా.

"సెప్పులు ఎక్కడ ఇప్పను?" అని అడిగింది.

లోపల గది చీకటి. స్విచ్చి ఎక్కడో ఆమెకు తెలియదు. గోడ తడుముతోంది. నేను వెళ్ళి వేశాను. వంటింట్లో అడుగుపెట్టి, కిటికీలోంచి వెనక సిల్వర్ ఓక్ చెట్టు చూసి, "ఇది మా అయ్య నాటినాడు" అంది. నాకు తెలియదు. కొన్నప్పుడే ఉందనుకున్నాను.

కొన్నప్పుడు అని రాశాను. కొనలేదుగా.

తర్వాత ఇంటి ముందు ఫొటో. ముగ్గురం మెట్ల మీద నిలబడ్డాం, పెళ్ళిలోలా. శ్రీను ఫోన్ ఎత్తి, "మీరిద్దరూ పక్కకి జరగండమ్మా. ఓనరు ఒక్కరే ఉండాలి" అన్నాడు. జరిగాం. గేటు దగ్గరికి. ఈయన చేతులు వెనక్కి కట్టుకుని రోడ్డు వైపు తిరిగారు.

"ఈళ్ళు అద్దెకున్నారని రాసుకోనా?" శ్రీను అడిగాడు ఆమెను. బుద్రి ఆలోచించింది. "అద్దె ఎప్పుడూ ఇయ్యలేదు కదండీ" అంది. ఎత్తిపొడుపు కాదు. కోపం కాదు. అడిగిందానికి చెప్పింది. శ్రీను ఏం రాసుకున్నాడో చూడలేదు.

వెళ్తూ వెళ్తూ ఆమె అడిగింది అతన్ని, "మా ఇంటికీ రాత్తారా బాబూ?"

"మీదేటిల్లు?"

"మట్టి గోడలు. పైన రేకులు."

"మట్టి గోడలకి మా కంపెనీ రాయదమ్మా" అని నవ్వి, "అయినా నీకింత డాబా ఉంది కదా" అన్నాడు.

బుద్రి కూడా నవ్వింది. నేను ఆ నవ్వు చూడలేక లోపలికి వచ్చేశాను. సిగ్గేసింది. చాలా సిగ్గేసింది.

ఆగస్టు 9

ఆయన అన్నారు, "గంగులుంటే ఇలా అయ్యేది కాదు." ఉంటే మనం మెట్ల మీద, గేటు దగ్గర నిలబడేది గంగులు గారేమో అన్నాను. ఇంకో రెండు రోజులు మాట ఉండదు ఇంక.

ఆగస్టు 21

పాలసీ వచ్చింది. కట్టింది మేము. పేరు ఆమెది. అందులో ఇల్లు ఉంది, ప్రహరీ, బయటి బాత్రూము లేవు. కట్టేది తగ్గుతుంది కదా అని ఆయనే వద్దన్నారట. తగ్గింది ఒక చీపురు ధర కూడా లేదు. తగువుకి ఓపిక లేదు నాకు. బీరువాలో పెట్టాను.

సెప్టెంబరు 17

డ్యూటీ. వాన. జ్వరాలు. రాయడానికేం లేదు.

అక్టోబరు 27

తుఫాను అట. స్కూళ్ళకు సెలవు. మాకు లేదు. ఈయన టీవీ ముందు నుంచి లేవడం లేదు, సముద్రం మీద ఆ తెల్ల సుడిని చూస్తూ. మనకి సముద్రం కనబడదు, దాని గాలి మాత్రం కొండెక్కి వస్తుంది.

అక్టోబరు 29

చెట్టు పడింది. గంగులు గారి సిల్వర్ ఓక్. వంటింటి మీద. స్లాబు ఒక పక్క కూలింది, పూడ్చిన గోడ, స్టవ్, గిన్నెల స్టాండు, అన్నీ దాని కింద. ప్రహరీ కూడా పోయింది. మేము ముందు గదిలో ఉన్నాం. దెబ్బల్లేవు. ఈయన చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. పెళ్ళైన కొత్తలో కూడా ఇంతసేపు పట్టుకోలేదు.

కరెంటు లేదు. ఫోన్లు లేవు.

నవంబరు 2

శ్రీను ఫోన్‌లో దొరికాడు. "బేగి సెప్పేరు, మంచిదయ్యింది. ఏటీ ముట్టుకోకండి. ఓనరమ్మ సంతకం కావాల." బుద్రి ఫోన్ మోగడం లేదు. వాళ్ళ వైపు టవరు పడిపోయిందట.

నవంబరు 6

ఇన్సూరెన్సు సర్వేయరు వచ్చాడు. పెద్దమనిషి, టేపు పట్టుకుని కొలిచాడు. చెట్టు వేళ్ళు చూశాడు, గాలికే పడిందని ఒప్పుకున్నాడు. వంటిల్లు ఇస్తారు. ప్రహరీ లేదు. సామాను లేదు — సామానుకు మేము రాయించుకోలేదుగా, అద్దెకున్నామని రాయాల్సి వస్తుందని.

కబురందగానే బుద్రి నడిచి వచ్చిందట జీపు దొరికేదాకా. సంతకాలు పెట్టింది. మనిషి చిక్కిపోయింది. "ఒంట్లో బాగోలేదా?" అంటే "బాగున్నాను సిస్టరమ్మా" అంది. ఈసారి లోపలికి రమ్మన్నాను. వచ్చి కూర్చుంది. ముందు గదిలో కిరోసిన్ స్టవ్ మీద కాఫీ పెట్టాను. వాళ్ళ ఊరి సంగతి అడగలేదు. నా వంటిల్లే చెప్పుకున్నాను అంతసేపూ.

నవంబరు 15

ఇంకా ముందు గదిలోనే వంట. పొగ. దగ్గు. ఆయన రోజూ అడుగుతారు, "డబ్బులు పడ్డాయేటి?" మేస్త్రి వచ్చి అంచనా చెప్పి వెళ్ళాడు. ఇసుక లోడుకి మాట ఇచ్చేశారు కూడా.

నవంబరు 22

శ్రీను చెప్పాడు, నిన్ననే బుద్రి ఖాతాలో డబ్బు పడిందట. పూర్తిగా కాదు గానీ వంటింటికి చాలు.

ఈయన ఫోన్ నా చేతికిచ్చారు. "నువ్వే అడుగు. నాను అడగలేను." నేనూ అడగలేదు. సాయంత్రం దాకా ఫోన్ బల్ల మీదే ఉంది.

నవంబరు 23

ఆమే ఫోన్ చేసింది.

"డబ్బులు పడ్డాయి సిస్టరమ్మా."

"ఊఁ."

"ఆ రోజు సెప్పలేదు... గాలికి మా రేకులన్నీ ఎగిరిపోనాయి. ఎనక గోడ పడిపోనాది. పిల్లలూ నానూ బడి వరండాలో పడుకుంటన్నాం."

ఇదే గదిలో కూర్చుని నా చేతి కాఫీ తాగి వెళ్ళింది.

"డబ్బులు మీవే. నాకు తెల్దా ఏటి" అంది. పిల్లాడి దగ్గు వినిపిస్తోంది ఫోన్‌లో. "నాకు సదువు లేదు. ఇల్లు నా పేరునుంది అంటారు. డబ్బులు నా పేరున పడ్డాయి అంటారు. ఏదేటో మీరే సెప్పండి అత్తా. ఏ ఇల్లు ముందు కట్టమంటారు?"

అత్తా అంది.

గుమ్మంలో ఈయన. ఇసుక లారీ వాడికి చెయ్యి చూపించి ఆగమంటూ, నా వైపు తిరిగి, "ఏటంటాది?" అని అడుగుతున్నారు.

ఫోన్ ఇంకా పెట్టెయ్యలేదు ఆమె.