వాగు పక్క నలభై ఎకరాలు

అయోవా, అక్టోబరు 9

తమ్ముడు వెర్లిన్‌కు,

వాగులోకి మట్టి కొట్టుకుపోకుండా నా నలభై ఎకరాల్లో గడ్డి పెంచినందుకు ప్రభుత్వం నాకు సాయం ఇచ్చేది. నేను ఆసుపత్రిలో ఉన్న వారంలో నువ్వు ఆ గడ్డి దున్నేసి మొక్కజొన్న వేశావు. సాయం ఆగిపోయింది. అడిగితే, "ఎలాగూ నీ తర్వాత నాదేగా అక్కా! అప్పటిదాకా నువ్వు గడ్డి తింటావా ఏంటి?" అని నవ్వావు.

నీ మాటే నిలబెట్టాను. నిన్న వీలునామాలో ఆ నలభై ఎకరాలూ నీ పేరునే రాశాను. అంతకుముందు రోజు నేల సంరక్షణ కార్యాలయంలో మరో పత్రం మీద సంతకం చేశాను. దాని ప్రకారం ఆ భూమి ఎవరి చేతికి వెళ్లినా శాశ్వతంగా గడ్డిభూమే. దున్నకూడదు. పన్ను కట్టాల్సిందీ, ఏటా ముళ్లమొక్కలు పీకాల్సిందీ యజమానే.

ఈ శీతాకాలం దాటనని డాక్టరు చెప్పాడు. మంచి చేతితొడుగులు కొనుక్కో.

నీ అక్క